ఏటిమడుగు ఫైలు

వెదుళ్ళతిప్ప,
21 జూలై 2025

డేనియల్‌కి,

నీ ఫోన్లు చూశాను. ఎత్తలేదు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు, నేను వింటూ కూర్చోవాలి. అది నా వల్ల కాదు. చెప్పాల్సింది కాగితం మీద చెబుతాను. నువ్వూ అలాగే చెప్పు.

అక్క చివరి రోజు ఎలా గడిచిందని సారికను అడిగావట. అమ్మాయికి తెలియదు. ఆ రోజు రాజమండ్రిలో బ్యాంకులో ఉంది. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

జూలై తొమ్మిది, బుధవారం. తబిత ఐదింటికి లేచింది. కోళ్ళ గంప తీసింది. టీ ఇద్దరం తాగాం. ఎనిమిదింటికి ఎడమ చెయ్యి లాగుతోందంది. వాలుగా పడుకున్నానేమో అంది. నేను పేపరు చదువుతున్నాను. అయి ఉంటుంది అన్నాను. తొమ్మిదిన్నరకు చెమటలు పోశాయి. గ్యాస్ అనుకుని మజ్జిగ ఇచ్చాను. పదింటికి వాంతి చేసుకుంది. అంబులెన్స్ వేరే ఊరు వెళ్ళిందన్నారు. దొరబాబు ఆటో దొరికేసరికి పదీ నలభై. ఇక్కడి నుంచి నరసాపురం ఇరవై రెండు కిలోమీటర్లు. అందులో మొదటి ఆరు మడుగు గట్టు. ఆ గట్టు ఎలా ఉంటుందో నీకు తెలుసు. "కుదుపుకి నొప్పెడుతోంది, నెమ్మదిగా పోనీ నాయనా" అని ఆమె. "తొందరగా పోనీ" అని నేను. దొరబాబు ఇద్దరి మాటా విన్నాడు పాపం, ఒకసారి ఒకరిది, ఒకసారి ఒకరిది. మొగల్తూరు దాటాక ఆమె మాట్లాడలేదు. ఆసుపత్రిలో చెయ్యి పట్టి చూసి, దారిలోనే అయిపోయిందన్నారు. డాక్టరు చిన్న అమ్మాయి. "మొదటి గంటలో మందు పడి ఉంటే వేరేగా ఉండేదండి. మీ ఊళ్ళో సబ్‌సెంటర్ లేదాండి?" అని అడిగింది. లేదన్నాను.

ఎందుకు లేదో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు.

మన ఊరు మడుగుకీ మురుగు కాలువకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఒడ్డు మొత్తం ఇరిగేషన్ శాఖది. బడికి మరుగుదొడ్డి కట్టాలన్నా వాళ్ళ అనుమతి కావాలి. నేను ఈ ఊరికి వచ్చిన ముప్ఫై రెండేళ్ళలో ఆ నేల మీద ఒక్క ఇటుక పడలేదు. నిరుడు సర్పంచ్ పల్లంరాజుగారు దారి చూపించారు. ఒడ్డు వెంట పదకొండు ఎకరాల నలభై సెంట్లు పర్యాటక శాఖకు బదలాయిస్తే, వాళ్ళు గట్టు మీద తారు రోడ్డు వేస్తారు, పడవలూ గదులూ పెడతారు. ఊరికి ముప్ఫై సెంట్లలో సబ్‌సెంటర్ వస్తుంది. అర్జీ నేను రాశాను. ఆ ఒడ్డున ఏడాది చీటీ మీద దోసపాదులు పెట్టుకునే అరవై ఒక్కమంది ఆడవాళ్ళ సంతకాలు నేనే తెచ్చాను. నిరుడు మార్చిలో అది మీ ఇరిగేషన్ ఆఫీసుకి చేరింది.

మొన్న పద్దెనిమిదిన కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం మండల ఆఫీసుకి వెళ్ళాను. తబిత పేరు ఎదురుగా 'లేరు' అని రాయించుకోవడానికి. అక్కడి గుమాస్తా మర్యాదగానే అన్నాడు. "మీ ఏటిమడుగు ఫైలు డేనియల్ సార్ టేబుల్ దగ్గరే ఆగిపోయిందటండి. పదహారు నెలలైందటండి. ఆయన మీకు బావమరిదేగా, ఒక మాట చెప్పలేకపోయారాండి?"

నీ టేబుల్ దగ్గర ఆగిందని నాకు తెలియదు. నీకు తెలుసు. పండుగకు వచ్చావు, మా ఇంట్లో భోజనం చేశావు, ఫైలు పైన ఉందన్నావు.

సూపరింటెండెంటువి. ఒక నోటు రాసి పైకి పెట్టడం నీకు పది నిమిషాల పని. ఆ పని నువ్వు చేసి ఉంటే జూలై తొమ్మిదిన ఊళ్ళో ఒక నర్సు ఉండేది. నీ అక్కను చంపింది గుండె కాదు.

నీ జవాబు కోసం చూడను.

సుకుమార్


తణుకు,
26 జూలై 2025

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

సంజాయిషీ రాయడం నాకు రోజూ ఉండే పనే. పైవాళ్ళు అడిగితే గంటలో రాసి ఇస్తాను. మీకు మాత్రం రాయలేను. ఎందుకు రాయలేనో కూడా చెప్పలేను. మీరు నన్ను ఏమన్నా పడాలి. పడతాను.

మీకు కావాల్సిన పని చేసేశాను. నిన్న ఆఫీసుకి వెళ్ళగానే ఆ ఫైలు తీసి, బదలాయింపుకి సిఫార్సు చేస్తూ నోటు రాశాను. సాయంత్రానికి పైకి వెళ్ళిపోయింది. పైన కూడా దాని కోసం చూస్తున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి అక్కడ ఆగదు. ఇక నా టేబుల్ మీద మీకు సంబంధించింది ఏమీ లేదు.

ఒకటి అడగాలని ఉంది. పదో తారీఖున నేను రెండున్నరకల్లా వచ్చాను. అప్పటికే పెట్టె మూసి మేకులు కొట్టించారు. ఒక్కసారి తెరవమన్నాను. మీరు పాస్టరుగారి ముందు, ఊరందరి ముందు, వద్దన్నారు. మా అమ్మ పాపాయమ్మ పోయినప్పుడు మీరు జంగారెడ్డిగూడెంలో ఉన్నారు. మీరొచ్చేదాకా మంచు దిమ్మెలు తెప్పించి ఐదు గంటలు ఆపాం. అల్లుడు చూడాలని. నేను తమ్ముణ్ణి. ఐదు నిమిషాలు అడిగాను.

ఆ రోజే మీకు నా మీద కోపం ఉందన్నమాట. మనసులో అంత పెట్టుకుని నాతో కలిసి పెట్టె మోశారు.

నమస్కారాలతో,
డేనియల్


వెదుళ్ళతిప్ప,
9 ఆగస్టు 2025

డేనియల్‌కి,

ఒక్క రోజులో అయిపోయింది. నువ్వే రాశావు. పొద్దున తీశావు, సాయంత్రానికి పంపావు. పదహారు నెలల్లో అలాంటి రోజు ఇంకొకటి దొరకలేదా? నిన్ను ఇంతకంటే తిట్టడానికి నాకు మాటలు లేవు. నీ ఉత్తరంలోనే ఉన్నాయి.

పెట్టె సంగతి ఇప్పుడు అడగకు.

మంగళవారం రెండు శాఖల వాళ్ళూ సర్వేకి వచ్చారు. మడుగు నిండుగా ఉంది కాబట్టి పడవ మీద తిరిగారు. ఆడవాళ్ళ పాదుల జాగా అంతా ఇప్పుడు నడుం లోతు నీళ్ళు. నీళ్ళలోనే గెడలు పాతి ఎర్ర జెండాలు కట్టారు. ఊరి వైపు నుంచి చూస్తే పెళ్ళి పందిరి వేస్తున్నట్టుంది. పల్లంరాజుగారు అందరికీ కొబ్బరినీళ్ళు ఇప్పించారు. నాకు కుర్చీ వేయించారు.

జెండాలు చూసి ఆడవాళ్ళు గట్టెక్కారు. ముందు ప్రిస్కిల్లా. ఆమె నోరు నీకు తెలుసు.

"మాస్టారండి, మా పాదుల మీద ఈ జెండాలేంటండి?"

"అది మీరు ప్రభుత్వానికి వదులుకున్న జాగా, ప్రిస్కిల్లా."

"నేనా? ఎప్పుడు వదిలానండి?"

"నిరుడు కోత పండుగనాడు. సంతకం పెట్టావు."

"అది పండుగ చందా కాగితం కాదాండి? దాని కింద నా పేరున ఓ గుమ్మడికాయ కూడా రాయించాను కదండి."

అందరూ నవ్వారు. సర్వేయర్లు కూడా నవ్వారు. ప్రిస్కిల్లా నవ్వలేదు. నన్ను చూస్తూ నిలబడింది.

నిజం రాస్తాను. ఆ అర్జీ నేను చదివి వినిపించలేదు. కోత పండుగనాడు ఆరాధన అయ్యాక, ఆవరణలో పంటల వేలం జరుగుతోంది. ఊరి ఆడవాళ్ళందరూ ఒక్కచోట దొరికేది ఆ రోజే. చందా పుస్తకంతో పాటు ఆ కాగితాలూ తిప్పించాను. గంటలో అరవై ఒకటీ పూర్తయ్యాయి. ఎవరైనా అడిగితే చదివేవాణ్ణి. ఎవరూ అడగలేదు. నేను అడిగినవన్నీ వాళ్ళ మంచికే అడిగాను. ఏటా జనవరి నుంచి జూన్ దాకా నాలుగు దోసకాయలు పండించుకోవడానికి ఇచ్చే చీటీ అది. హక్కు కాదు. మళ్ళీ ఏడాది ఇవ్వకపోయినా అడిగే దిక్కు లేదు. దానికి బదులు రోడ్డు వస్తుంది, ఆసుపత్రి వస్తుంది, వాళ్ళ పిల్లలకు పడవల దగ్గరా గదుల దగ్గరా పని దొరుకుతుంది. తూకం వేస్తే ఎటు మొగ్గుతుందో చిన్న పిల్లలకి కూడా తెలుస్తుంది.

చర్చి స్త్రీల సమాజం బీరువా తాళం తబిత దగ్గర ఉండాలట. ఇల్లంతా వెతికాను. నీకేమైనా చెప్పిందేమో.

సబ్‌సెంటర్‌కి ముప్ఫై సెంట్లు ఏ పక్క చూపించారని సర్వేయర్‌ని అడిగాను. మ్యాప్ తిప్పి చూసి, "అది ఇందులో లేదండి, వేరే ఉంటుందేమోనండి" అన్నాడు. వేరే అంటే ఎక్కడో కనుక్కుని రాయి. అంతకు మించి నీతో పని లేదు.

సుకుమార్


తణుకు,
17 ఆగస్టు 2025, ఆదివారం

బావగారికి,

చర్చికి వెళ్ళకుండా కూర్చుని ఇది రాస్తున్నాను.

మాట ఇచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. మీ ఉత్తరంలో "తూకం వేస్తే" అన్న చోట నా ఓపిక అయిపోయింది. ఎవరి తక్కెడ అది? మీరు మెట్ట మనిషి, బావగారూ. నీళ్ళు తగ్గాక బయటపడే నేల మీ కంటికి ఖాళీ స్థలం. అది ఖాళీ ఎప్పుడూ కాదు. ఆరు నెలలు చేపది, ఆరు నెలలు మా అమ్మది. మోకాలి లోతు బురదలో దోస గింజ పెట్టి, మొగల్తూరు సంతకి తల మీద మోసి, నన్నూ అక్కనూ చదివించింది. ఆ "నాలుగు దోసకాయలు" తిని పెరిగినవాణ్ణి మీ ఫైలు మీద కూర్చున్నాను. మీరు పెళ్ళాడింది కూడా ఆ దోసకాయలమ్మిన ఆవిడ కూతుర్నే.

ఎందుకు కూర్చున్నానో దీంతో జత చేసిన కాగితం చెబుతుంది. అసలు నా దగ్గర ఉంచుకుని జిరాక్స్ పంపుతున్నాను. రాత గుర్తుపడతారు.

*2 ఏప్రిల్ 2024*

*తమ్ముడూ,*

*ఫోన్‌లో చెబుదామంటే మీ బావ ఇంట్లోనే ఉంటారు. అందుకని రాస్తున్నా. ఏటిమడుగు కాగితాలు మీ ఆఫీసుకి వచ్చి ఉంటాయి. అందులో మొదటి సంతకం నాది. అమ్మ చీటీ నా పేరునే ఉందిగా. వేలం హడావుడిలో ఆయన కాగితాలు నా చేతికిచ్చి, సంతకం పెట్టి పక్కావిడకి అందించు అన్నారు. ఆయన ఇచ్చిన కాగితం నేనేనాడు చదివాను? పెట్టేశాను. నా సంతకం చూసి మిగతా అరవై మందీ పెట్టారు. వేలిముద్రలవాళ్ళకి సిరా డబ్బా నేనే పట్టుకున్నా.*

*పదిహేను రోజుల తర్వాత ఆయన బల్ల మీద నకలు కనబడితే చదివా. "స్వచ్ఛందంగా, శాశ్వతంగా వదులుకొనుచున్నాము" అని ఉంది. ప్రిస్కిల్లాకి ఎలా చెప్పను? ముగ్గురు పిల్లలతో ఆ పది సెంట్ల మీదే ఉంది.*

*ఆయనకి చెబితే వినరని కాదు. వింటారు. విని, ఊళ్ళో అందరి ముందూ తల దించుకోవాలి. ఇన్నేళ్ళు వాళ్ళకి పాఠం చెప్పిన మనిషి. అది నేను చూడలేను. ఆయన మంచి చేస్తున్నాననే అనుకుంటున్నారు. నువ్వే ఏదో చేసి ఆపు. సబ్‌సెంటర్ మాత్రం ఆపకు. ఆ ముప్ఫై సెంట్లు విడిగా అడగమని మీ ఆఫీసు నుంచే రాయి. ఒడ్డు పోనివ్వకు. మీ బావకి చెప్పనని మాటివ్వు.*

*తబిత*

ఇది చదివాక నేను చేసింది చెబుతాను. ఆరోగ్య శాఖకు ముప్ఫై సెంట్లు విడిగా ఇవ్వడం మాకు తేలిక. పంచాయతీ నుంచి వేరే తీర్మానం ఒకటి చాలు. అది పంపమని నిరుడు జూన్‌లో మెమో రాశాను. అక్టోబర్‌లో మళ్ళీ రాశాను. ఈ ఫిబ్రవరిలో మూడోసారి రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు. "పాత తీర్మానమే వర్తించును. అనవసర జాప్యము చేయరాదు." కింద పల్లంరాజుగారి సంతకం. చేతిరాత మీది. మూడు జవాబులూ ఫైల్లో ఉన్నాయి.

మొదటి మెమోకి ఒక్క కాగితం పంపి ఉంటే సబ్‌సెంటర్ గోడలు ఈపాటికి లేచేవి.

నా తప్పూ రాస్తాను. మీరు నన్ను అంత మాట అన్నారు. ఆ కోపంలో ఫైలు పైకి తోసేశాను. అక్క పోయిన పదహారో రోజున, అక్క నన్ను అడిగిన ఒక్క పనినీ పాడుచేశాను. మీ ఉత్తరం రాకపోతే ఆ ఫైలు ఇంకా నా టేబుల్ మీదే ఉండేది.

తాళం సంగతి నాకు తెలియదు.

డేనియల్


వెదుళ్ళతిప్ప,
28 ఆగస్టు 2025

డేనియల్,

కాగితం అందింది. రాత ఆమెదే.

మూడు జవాబులూ పల్లంరాజుగారి తరఫున నేనే రాశాను. మెమోల కింద ఉన్నది మీ ఇంజినీరుగారి సంతకం, వెనక నువ్వున్నావని తట్టలేదు. మొదటి రెండూ ఎప్పుడు రాశానో గుర్తులేదు. మూడోది గుర్తుంది. వరండాలో తబిత బియ్యం ఏరుతోంది. "ఏం రాస్తున్నారు?" అంది. "మీ తమ్ముడి ఆఫీసు గుమాస్తాలకి బుద్ధి చెబుతున్నాను" అన్నాను. చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. బియ్యం ఇంకా సగం ఉంది. వెలుతురు చాలడం లేదేమో అనుకున్నాను.

నాకు ఆమె మీద కోపంగా ఉంది. ఎవరితోనూ అనలేదు, నీతో అంటున్నాను. ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒకే ఇంట్లో ఉన్నాం. నా తప్పు నాకు చెప్పకుండా తణుకు ఉత్తరం రాసింది. నేను తల దించుకుంటే చూడలేనంది. తల దించుకుని మళ్ళీ ఎత్తగలిగిన మనిషినని అనుకోలేదు. పదిహేను నెలలు పక్కన కూర్చుని అన్నం వడ్డించింది. నేను ఆ రోడ్డు గురించి, ఆ సబ్‌సెంటర్ గురించి మాట్లాడుతూనే ఉన్నాను. వింటూనే ఉంది.

నీ మీద కోపం పెట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళడం ఇష్టంలేక నెల రోజులుగా వెళ్ళలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వెళ్ళాను. ఆమెను తిట్టడానికే వెళ్ళాను. తిట్టకుండానే తిరిగొచ్చాను.

పెట్టె సంగతి. ఆటోలో నొప్పికి పెదవి కొరుక్కుంది. మర్నాటికి ముఖం ఒక పక్కంతా నల్లబడి ఉబ్బింది. సారికకి కూడా పాదాలే చూపించాను. నీకు ఆ ముఖం గుర్తుండకూడదనుకున్నాను. అప్పటికి ఫైలు సంగతి నాకు తెలియనే తెలియదు. ఆలోచించి ఉంటే నీకూ తట్టేది. నేను గుమాస్తాను కలిసింది పద్దెనిమిదిన. నిన్ను బయటికి పిలిచి ఈ మాట చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మా ఇంట్లో ఎవరం ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీసుకుంటే పోయేది కాదని తెలుసు.

తాళం ప్రిస్కిల్లా దగ్గరే ఉందట. ఏడాదిగా ఉందట. "మీరు నన్నడగలేదు కదండి" అంది.

ఒడ్డు పోకుండా ఆపడానికి ఇంకా ఏమైనా మిగిలి ఉందా? ఆఫీసు భాషలో కాకుండా మామూలు మాటల్లో రాయి.

బావ


తణుకు,
9 సెప్టెంబరు 2025

బావగారూ,

మామూలు మాటల్లో రాస్తున్నాను.

ఉత్తర్వు వచ్చేసింది. పదకొండు ఎకరాల నలభై సెంట్లు పర్యాటక శాఖకు బదలాయించారు. వాళ్ళు దాన్ని ముప్ఫై మూడేళ్ళకు ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకిస్తారు. ఆ కంపెనీ పేరు నేను ఎప్పుడూ వినలేదు. గట్టు రోడ్డు వాళ్ళ గేటు దాకా వేస్తారు. గేటు ఊరికి రెండు కిలోమీటర్లు ఇవతలే ఉంది. సబ్‌సెంటర్ గురించి చివరి పేరాలో ఒక వాక్యం. "తదుపరి పరిశీలించబడును." అంటే లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వాక్యం నేను కూడా చాలామందికి రాశాను. దాని అర్థం నాకు బాగా తెలుసు.

మిగిలింది ఒక్క మెట్టు. చీటీలున్న ఆడవాళ్ళు నిజంగా ఇష్టపడే వదులుకున్నారని గ్రామసభలో ధ్రువపరచాలి. ఇరవయ్యో తేదీ శనివారం, పొద్దున తొమ్మిదింటికి, పంచాయతీ ఆఫీసు దగ్గర. పర్యాటక శాఖ అధికారి వస్తాడు. ఆ రోజు వాళ్ళు ఊరుకుంటే అయిపోయినట్టే. కాదు, మాకు తెలియకుండా సంతకాలు తీసుకున్నారని చెప్పి, అది రాతపూర్వకంగా నమోదు చేయిస్తే ఉత్తర్వు ఆగుతుంది. ఫైలు మొదటికి వస్తుంది.

కానీ ఊరికే తెలియదంటే చాలదు. తెలియకుండా సంతకాలు ఎవరు పెట్టించారన్నది వస్తుంది. అప్పుడు పల్లంరాజుగారు మీ వైపు చూపిస్తారు. ఇంతకాలం మీ పక్కన కూర్చున్న మనిషే మాస్టారు మోసం చేశాడంటాడు. ఎవరైనా కేసు పెడితే మీ పెన్షన్ దాకా వస్తుంది. ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పుకోనివ్వండి. మీరు ఆ రోజు రాజమండ్రి వెళ్ళిపోండి. సారిక దగ్గర ఉండండి. అక్క కూడా అదే అనేది. ఆవిడ రాసింది మిమ్మల్ని కాపాడమనే కదా.

నా సంగతి అడగకండి. పదహారు నెలలు ఎందుకు ఆపావు, ఒక్క రోజులో ఎందుకు పంపావు అని నాకు మెమో వచ్చింది. రెండిటికీ కారణం రాయాలి.

పెట్టె సంగతి చదివాను. తారీఖులు నాకూ తట్టి ఉండాల్సింది.

డేనియల్


వెదుళ్ళతిప్ప,
19 సెప్టెంబరు 2025, శుక్రవారం

డేనియల్,

ఇది నీకు చేరేసరికి గ్రామసభ అయిపోయి ఉంటుంది. అయినా నీకు ముందే చెప్పినట్టు ఉండాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను.

రాజమండ్రి వెళ్ళను. అక్క అడిగింది అదేనన్నావు. నువ్వు సరిగ్గానే చదివావు. నేను ఒప్పుకోను. ఆమె నన్ను కాపాడాలనుకుంది కాబట్టి ఒకళ్ళకొకళ్ళం అబద్ధం ఆడుకున్నాం, ఊరికి సబ్‌సెంటర్ రాలేదు, ఒడ్డూ పోయేలా ఉంది. ఇంక ఆ కాపాడటం చాలు.

మొన్న పల్లంరాజుగారు ఇంటికొచ్చారు. నేను అడ్డం తిరుగుతున్నానని ఎవరో చెప్పారట.

"ఏంటి మాస్టారూ, ఇప్పుడు వెనక్కెళ్తే ఊరి అభివృద్ధి ఇంకో ముప్ఫై ఏళ్ళు ఆగిపోతుందండి."

"సబ్‌సెంటర్ ఏదండి?"

"వస్తుందండి. ఒకటి వస్తే దాని వెనక ఇంకోటి. మీకు చెప్పాలా. మీ ఇంటావిడ పోయింది వైద్యం అందకే కదండి. నేను వాళ్ళతో మాట్లాడాను కూడా. పడవలెక్కే రేవుకి తబితగారి పేరు పెట్టిద్దాం."

బయటికి నడవండి అన్నాను. ఈ ఊళ్ళో ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆయన చెప్పులు వేసుకుంటూ, "సంతకాలు తెచ్చింది మీరండి, నేను కాదు" అన్నారు. నిజమే. గొంతు కూడా పెంచలేదు. తాపీగా అన్నారు.

నేను ఇష్టపడి ఆయన పక్కన కుర్చీలో కూర్చున్నాను, డేనియల్. కోపం ఎవరి మీద పెట్టాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఈ నాలుగు రోజులూ అరవై ఇళ్ళకీ తిరిగాను. నకలు పట్టుకెళ్ళి చదువుతానన్నాను. మొదటి ఇల్లు ప్రిస్కిల్లాది. గుమ్మంలోనే ఆపింది.

"మీరు చదవద్దు మాస్టారండి."

"ఏం?"

"మీరు చదివేదీ, కాగితంలో ఉన్నదీ ఒకటో కాదో మాకేం తెలుసండి? మా కోడలు ఇంటర్ చదివింది. అది చదువుద్ది. మీరు పక్కన నిలబడండి."

నిలబడ్డాను. కోడలు గుమ్మంలో కూర్చుని మొత్తం చదివింది. "శాశ్వతంగా" దగ్గర ఆగి నన్ను చూసింది. ఆ పిల్లకి ఎనిమిదో తరగతిలో ఉత్తరం రాయడం నేర్పింది నేనే. చదవడం అయ్యాక ప్రిస్కిల్లా, "మా తబితమ్మకి తెలుసాండి ఇది?" అంది.

తెలుసని చెప్పాను. మీ ఒడ్డు పోకూడదని తమ్ముడికి రాసిందని, నాకు మాత్రం చెప్పలేదని చెప్పాను. ప్రిస్కిల్లా అక్కడే గట్టిగా ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టింది. తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటి కూడా అన్యాయం కాదు.

మిగతా యాభై తొమ్మిది ఇళ్ళకీ ఆ కోడలే వచ్చింది. ప్రతి ఇంట్లోనూ నేను నిలబడే ఉన్నాను. కొందరు కుర్చీ వేశారు. కూర్చోలేదు. ఒక ముసలమ్మ వేలిముద్ర చూపించి, "ఇది నాదేనా బాబూ?" అని అడిగింది. నీదేనమ్మా అన్నాను. "పోనీలే, నువ్వు చెడ్డవాడివి కాదు" అంది. అన్ని తిట్లలోనూ అదొక్కటే తట్టుకోలేకపోయాను.

నలభై నాలుగు మంది రేపు వస్తామన్నారు. తొమ్మిదిమంది రామన్నారు. వాళ్ళ కొడుకులకి పడవల దగ్గర పని చూపిస్తామని పల్లంరాజుగారు మాటిచ్చారట. వాళ్ళని నేను తప్పు పట్టను. అదే ఆశ నేనూ చూపించాను. మిగతావాళ్ళు ఏమీ చెప్పలేదు.

ముప్ఫై సెంట్లకి వేరే అర్జీ కావాలి. రాస్తానని ఇవాళ ప్రిస్కిల్లాతో అన్నాను. "మా కోడలు రాస్తుంది, తప్పులుంటే మీరు దిద్దండి" అంది. సరే అన్నాను. రాయడం మొదలెట్టింది. రెండు తప్పులున్నాయి. దిద్దాను.

నీ మెమోకి కారణం రాయాలన్నావు. ఉన్నది ఉన్నట్టు రాయి. నేను రాసిన మొదటి ఉత్తరం జత చేయాలనిపిస్తే చెయ్యి. అందులో నీ గురించి నేను రాసింది నలుగురూ చదివినా నాకు అభ్యంతరం లేదు.

రేపు పొద్దున ఎనిమిదింటికి బయలుదేరతాను. దారిలో ఎవరి ఇంటి దగ్గరా ఆగను. పంచాయతీ అరుగు మీద పల్లంరాజుగారి పక్కన కుర్చీ వేసి ఉంటే కూర్చోను. ఆడవాళ్ళ వరుస చివర నిలబడతాను. ప్రిస్కిల్లా కోడలు పాత అర్జీ మొత్తం చదువుతుంది. చదవడం అయ్యాక అధికారి ముందుకు వెళ్ళి, ఇది రాసింది నేను, చదివి వినిపించకుండా చందా పుస్తకంతో కలిపి తిప్పించింది నేను, ఇందులో మొదటి సంతకం నా భార్య తబితది, ఆమెకు కూడా నేను చెప్పలేదు అంటాను. మైకు ఇవ్వకపోయినా అంటాను. తర్వాత అదంతా నా చేత్తో రాసి, గట్టిగా చదివి వినిపించి, అందరూ విన్నాకే సంతకం పెడతాను.

నీ బావ,
సుకుమార్